వీరేశలింగము పంతులుగారి తలక్రిందుల రాజ్యము

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రిని గోల్పోయిరి. పెద్దవారై యుపాధ్యాయులుగ నుండి, 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను నెలకొల్పిరి.

1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతు వివాహమును జరిపింపఁగా బంధువులు విడిచిరి, నీళ్లు దెచ్చువారు మానిరి. భార్యయగు రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నీళ్లు మోసికొని వచ్చిరి.

ఉపన్యాసములకుఁ జెవియొగ్గని వారికొఱకుఁ గాఁబోలు, స్విఫ్టు దొరగారి గల్లివరు కథ ననుసరించి పంతులుగారు ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ వ్రాసిరి. అందలి యాడుమలయాళమున నేలువారు స్త్రీలు. పురుషులు వారి చెప్పుచేతలలో నడంగి యుండవలసినవారు. ఆదర్శరాజ్యమును వర్ణించుటకు మాఱుగా, మన రాజ్యమునే తలక్రిందులు చేసి చూపిరి. చదివి నవ్వెడు మన సైదాబాదు బాలురు, ఆ పురుషులకు బదులు తమ యక్కసెల్లెండ్రను దలఁచుకొని మరల నొకమాఱు చదువవలెను, నవ్వు రాదు.

పంతులుగారు 1919 మే 27వ తేదీన చెన్నపట్టణమునఁ గాలధర్మము నొందిరి.