బండి విప్పిన నాయుడు గారు

పాత బండికి ఏ కార్బురేటర్ వేస్తే స్పీడు వస్తుందని జహీరాబాద్‌లో వాదించుకునే మన ఫ్రెండ్స్‌కి జి.డి. నాయుడు గారి సంగతి చెప్పాలి.

1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో, తెలుగు రైతు కుటుంబంలో పుట్టారు. చదువు చిన్న క్లాసుల్లోనే ఆగింది. ఓ ఇంగ్లీషు ఆఫీసరు మోటార్‌సైకిల్ చూసి మనసు పారేసుకున్నారు. హోటల్లో సర్వర్‌గా పనిచేసి, కూడబెట్టిన డబ్బుతో అదే బండి కొన్నారు. నడిపి ఊరుకోలేదు. ముక్క ముక్కా విప్పి, మళ్ళీ బిగించి, మెకానిక్ అయ్యారు.

1920లో పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థనే నిలబెట్టారు. 1937లో బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. 1974లో కన్నుమూశారు.

జెట్ ఎంత సైజు ఉండాలో తర్వాత తేల్చుకుందాం. ముందు మనం ఒక్క ఇంజినైనా విప్పి చూశామా?