యల్లాప్రగడ సుబ్బారావు: సముద్రాల ఆవలికి

యల్లాప్రగడ సుబ్బారావు తన జీవితంలోని మొదటి దూరప్రయాణాన్ని పదమూడేళ్ల వయస్సులో తలపెట్టాడు. కాశీకి వెళ్లి, గంగాతీరాన యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలన్నది అతని ఆలోచన. తోడుగా బంధువుల పిల్లవాడొకడు ఉన్నాడు. చేతిలో డబ్బు లేదు, దారి తెలియదు, ఇంట్లో చెప్పలేదు. పెద్దలు వెదకి పట్టి ఇంటికి చేర్చడంతో ఆ యాత్ర ముగిసింది. సుమారు పదిహేనేళ్ల తరువాత అతడే భూగోళానికి ఆవలి వైపున ఉన్న బోస్టన్ నగరానికి బయలుదేరాడు. ఈ రెండవ ప్రయాణానికి జరిగిన సన్నాహం ఏళ్ల తరబడి సాగింది. దాని కథ తెలియకపోతే సుబ్బారావు జీవితం సగమే తెలిసినట్లు.

నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో 1895 జనవరి 12న సుబ్బారావు జన్మించాడు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ఉద్యోగం నిలవలేదు. సుబ్బారావు చదువు ఒక కొలిక్కి రాకముందే మరణించాడు. సంసారభారమంతా తల్లి వెంకమ్మ మీద పడింది. కుమారుడు మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పినా ఆమె అతణ్ణి చదువు మాననివ్వలేదు. తన ఒంటిమీది బంగారం అమ్మి మద్రాసుకు పంపింది. అక్కడి హిందూ హైస్కూలులో చదివి, మూడవ ప్రయత్నంలో అతడు కృతార్థుడయ్యాడు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదివే రోజుల్లో సుబ్బారావు మనస్సు రామకృష్ణ మఠం వైపు మొగ్గింది. సన్యసించాలనుకున్నాడు. తల్లి అంగీకరించలేదు. రోగులకు సేవ చేయడం కూడా ఒక సాధనే అన్న మఠం పెద్దల బోధ అతణ్ణి మద్రాసు వైద్యకళాశాలకు నడిపించింది. అవి స్వాతంత్ర్యోద్యమం ఉద్ధృతమవుతున్న రోజులు. గాంధీజీ పిలుపు విని సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స తరగతికి వెళ్లాడు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది రుచించలేదు. రాతపరీక్షల్లో రాణించినప్పటికీ సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికి వచ్చింది. ఆ కాగితం ముక్క ఆ తరువాత సముద్రాలు దాటి వెంటాడింది.

అమెరికా వెళ్లాలన్న కోరిక సరదాగా పుట్టినది కాదు. ప్రేగులను క్షీణింపజేసే స్ప్రూ అనే ఉష్ణమండల వ్యాధి ఎనిమిది రోజుల వ్యవధిలో సుబ్బారావు అన్నను, తమ్ముణ్ణి కబళించింది. సుబ్బారావు సైతం ఆ వ్యాధి బారిన పడ్డాడు. నేర్చుకున్న పాశ్చాత్య వైద్యం ఆదుకోలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో ప్రాణాలు దక్కాయి. ఉద్యోగం కూడా లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే దొరికింది. అక్కడ శరీర నిర్మాణశాస్త్రం బోధించాడు. వ్యాధి ఎందుకు వస్తుందో, మందు ఎలా పనిచేస్తుందో రెండు వైద్యవిధానాల్లోనూ తెలియనిది ఎంతో ఉన్నదని అతనికి అర్థమైంది. అది తెలుసుకోవడానికి తగిన ప్రయోగశాలలు దూరదేశంలో ఉన్నాయి. మద్రాసు వచ్చిన ఒక అమెరికన్ వైద్యుని పరిచయం ఆ ఆశకు ఊపిరి పోసింది.

నేడు మన కోస్తా పల్లెల నుండి విదేశాలకు చదువుకు వెళ్లే యువతీయువకులకు ఈ సన్నాహం కొత్త కాదు. పాసుపోర్టు, వీసా, ప్రవేశపత్రం, బ్యాంకు నిల్వను చూపే పత్రాలు, చలికి తగిన దుస్తులు, ఆవకాయ జాడీ తూకం, మధ్యలో విమానం మారవలసిన చోటు, ఇవన్నీ నెలల ముందు నుండి ఇంటిల్లిపాదీ మాట్లాడుకునే సంగతులే. విమానం ఎక్కిన తరువాత ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర రోజులో గమ్యం చేరతారు. సుబ్బారావు కాలంలో ప్రయాణికులను అమెరికాకు చేర్చే విమానాలు లేవు. ఓడలో వారాల తరబడి ప్రయాణం. ఉత్తరం వెళ్లి, జవాబు రావడానికి నెలలు పట్టేది. అక్కడికి చేరిన తరువాత ఏదైనా లోపం బయటపడితే సరిదిద్దుకునే వీలుండేది కాదు.

అతనికి ముందుగా కావలసినవి మూడు: హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఉష్ణమండల వ్యాధుల శాఖలో చోటు, ప్రయాణానికి ధనం, ఇంటివారి సమ్మతి. చోటు దొరికింది. ధనం కోసం కాళ్లు అరిగేలా తిరగవలసి వచ్చింది. అనపర్తికి చెందిన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి కొంత సమకూర్చాడు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయం చేస్తామని మాట ఇచ్చింది. కోరంగి తీరాన పుట్టి, సముద్రం దాటి బర్మాలో ధనవంతుడైన సత్యలింగ నాయకర్ తన సంపదను దానధర్మాలకు రాసి పోయాడు. ఒకరు సముద్రం దాటి ఆర్జించిన సొమ్ము మరొకరు సముద్రం దాటడానికి అక్కరకు రావడం విశేషం.

ఇక సమ్మతి. సుబ్బారావుకు 1919లో శేషగిరితో వివాహమైంది. మూడేళ్లలో తిరిగి వస్తానని ఆమెకు మాట ఇచ్చి ఓడ ఎక్కాడు. ఖర్చులన్నీ లెక్క వేసుకున్నవాడు తిరుగు ప్రయాణాన్ని మాత్రం ఒక్క మాట మీద వదలివేశాడు.

1920ల తొలినాళ్లలో బోస్టన్ చేరేనాటికి అతని దగ్గర మిగిలిన డబ్బు స్వల్పం. ఆచార్యుడు రిచర్డ్ స్ట్రాంగ్ ఆదరించాడు. అయినా ఎంత ముందుచూపు ఉన్నా ఊహించలేని అడ్డంకి ఒకటి ఎదురైంది. ఎల్.ఎం.ఎస్. పట్టాతో అమెరికా ఆసుపత్రుల్లో వైద్యునిగా పనిచేసే అర్హత లేదు. పట్టభద్రుడైన వైద్యుడు రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసి, పగలు చదువుకున్నాడు. ఆ పని తనకు తగనిదని అతడు భావించినట్లు కనబడదు.

డిప్లొమా ముగించి జీవరసాయనశాస్త్ర విభాగంలో చేరిన తరువాత ఫలితాలు వెంటవెంటనే వచ్చాయి. సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో వెలువరించాడు. జీవరసాయన విద్యార్థులు నేటికీ దానిని ఆ ఇద్దరి పేర్లతోనే నేర్చుకుంటారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఎ.టి.పి.ని గుర్తించిన ఘనత కూడా వారిదే. 1930లో పిహెచ్.డి. వచ్చింది. కాని హార్వర్డ్‌లో స్థిరమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్లాడు. ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి చికిత్సకు అది ఉపకరించింది. క్యాన్సరు చికిత్సలో వాడే మెథోట్రెక్సేట్ ఆ పరిశోధన శాఖలోనిదే. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా ఆయన పర్యవేక్షణలోనే వెలుగు చూసింది.

మూడేళ్లు గడిచాయి, పదేళ్లు గడిచాయి. సుబ్బారావు వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు తండ్రిని చూడకుండానే పసితనంలో మరణించాడు. ఒక పరిశోధన ముగిసేలోపు మరొకటి మొదలయ్యేది. తరువాత యుద్ధం వచ్చింది. భారతీయులు పౌరసత్వం పొందడానికి 1946 దాకా అమెరికా చట్టం వీలు కల్పించలేదు. వీలు కలిగిన తరువాత కూడా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. మాతృదేశానికి తిరిగి రానూ లేదు. ఈ లోకోపకారానికి శేషగిరి చెల్లించిన మూల్యాన్ని చరిత్ర గ్రంథాలు సాధారణంగా ఒక వాక్యంలో ముగిస్తాయి. అది న్యాయం కాదు. మాట ఇచ్చినవాడు తన పనిలో మునిగిపోయాడు. మాట నమ్మిన ఇల్లాలికి జీవితమంతా ఎదురుచూపే మిగిలింది.

1948 ఆగస్టులో, యాభైమూడేళ్ల వయస్సులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశాడు. అంతకు ముందు సంవత్సరమే బోదకాలు వ్యాధికి ఆయన బృందం హెట్రజాన్ అనే మందును అందించింది. శాస్త్రీయ నామం డైఇథైల్ కార్బమజీన్. విశాఖపట్నం మొదలుకొని కోస్తా జిల్లాలను తరతరాలుగా పీడించిన ఫైలేరియా నివారణకు, చాలా ఏళ్ల తరువాత ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి పంచిన డి.ఇ.సి. మాత్ర అదే.