ఆకలి తెలిసిన అమ్మ: పండిత రమాబాయి

ఆడవాళ్లకు సంస్కృతం తగదని లోకమంతా అంటున్న రోజుల్లో అనంతశాస్త్రి డోంగ్రే తన భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పారు. తప్పుపట్టినవారికి దూరంగా పశ్చిమ కనుమల అడవిలో గంగామూల దగ్గర ఇల్లు కట్టుకున్నారు. అక్కడే 1858 ఏప్రిల్ 23న రమాబాయి పుట్టారు. ఆమెకు చదువు చెప్పింది తల్లే.

ఉన్న ఆస్తి కరిగిపోయాక ఆ కుటుంబం పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణం చదివి, భక్తులిచ్చిన దానితో బతికింది. బదిలీ ఉత్తర్వు రాగానే సామాన్లు సర్దుకోవాలని విసుక్కుంటాం మేము. వాళ్లది ఊరూరా కాలినడక.

1870ల్లో దక్షిణాదిని కరువు పట్టింది. కూలి పని చేతకాదు, బిచ్చమెత్తడానికి మనసొప్పదు. నగలు పోయాయి, ఇత్తడి పాత్రలు పోయాయి. చివరి బియ్యపు గింజ కూడా అయిపోయాక అడవిలో ఆకులు తిని రోజులు గడిపారు. తండ్రి కన్నుమూశారు. కొన్ని నెలలకే తల్లి. పాడె మోయడానికి ఇద్దరే ముందుకొచ్చారు. మూడో మనిషి అన్న శ్రీనివాస్, నాలుగో మనిషి రమాబాయి. పొట్టిగా ఉండే ఆ పిల్ల భుజం అందక ఆ బరువును తలమీద మోసింది. ఆ తర్వాత అక్క కూడా పోయింది.

అన్నాచెల్లెళ్లు ఉత్తరాదికి నడిచారు. పంజాబులో జీలం నది ఒడ్డున చలికి కప్పుకోవడానికి గుడ్డలేక, ఇసుకలో రెండు గోతులు తవ్వుకుని, తలలు మాత్రం బయటపెట్టి ఇసుక కప్పుకుని పడుకున్నారు. పూజలకూ ఉపవాసాలకూ ఏ ఫలమూ కనబడక ఆమె నమ్మకం సడలింది ఆ రోజుల్లోనే.

1878లో కలకత్తా పండితులు ఆమె సంస్కృతం విని ఆశ్చర్యపోయి ‘పండిత’, ‘సరస్వతి’ అనే బిరుదులిచ్చారు. 1880లో అన్న పోయాడు. అదే ఏడు బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని పెళ్లాడారు. కులాలు వేరు, భాషలు వేరు. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882లో భర్త కలరాతో పోయారు. అప్పటికి ఆమె వయసు ఇరవై నాలుగు నిండలేదు.

వైద్యం చదవాలని 1883లో ఇంగ్లండు వెళ్లారు. చెవుడు అడ్డొచ్చింది, ఆ తలుపు మూసుకుపోయింది. అక్కడ క్రైస్తవ సన్యాసినులు లోకం వెలివేసిన స్త్రీలను చేరదీసి సేవ చేయడం చూశారు. ఎందుకిలా చేస్తున్నారని అడిగితే, బావి దగ్గర సమరయ స్త్రీతో యేసు మాట్లాడిన కథ చెప్పారు. ఆమెను కదిలించింది ఆ కథే. ఆ ఏడే బాప్తిస్మం పుచ్చుకున్నారు. అయితే చర్చి పెద్దలు చెప్పినదానికల్లా తల ఊపలేదు. వాళ్లతో ఉత్తరాల్లో గట్టిగా వాదించారు. నిజమైన మనశ్శాంతి ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు గాని దొరకలేదని తానే రాసుకున్నారు. మాకు ఆమె మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఓదార్పు వెంటనే దొరికిందని ఆమె నటించలేదు.

1889లో బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. తర్వాత అది పుణెకు మారింది. పిల్లలు తన ప్రార్థనల్లో కూర్చుంటున్నారని 1893లో గొడవ రేగింది. చాలామంది తమ ఆడపిల్లలను తీసుకుపోయారు. మతం జోలికి పోనని ముందు మాట ఇచ్చిన బడి కనుక ఆ తల్లిదండ్రుల కోపంలోనూ న్యాయం లేకపోలేదు.

1896లో మధ్య పరగణాల్లో కరువు వచ్చింది. ఎముకలు తేలిన పిల్లల గురించి వినగానే ఆమెకు తన అడవి గుర్తొచ్చింది. డబ్బు చేతిలో లేకపోయినా, దేవుడు చూసుకుంటాడని బయలుదేరి వందల మంది ఆడపిల్లలను వెంటబెట్టుకొచ్చారు. పుణె దగ్గర కేడ్‌గావ్‌లో కొన్న పొలంలో వాళ్లకు నీడ కల్పించారు. అదే ‘ముక్తి’. 1900 నాటికి అక్కడ సుమారు 1,500 మంది ఉన్నారు. బావులు తవ్వారు, పంటలు పండించారు, నేత నేశారు, అంధులకు చదువు చెప్పారు. అచ్చుయంత్రం నడిపిందీ ఆడవాళ్లే.

ముసలితనంలో హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను సామాన్యులకు అర్థమయ్యే మరాఠీలోకి అనువదించే పని పెట్టుకున్నారు. 1921లో, తన తర్వాత ముక్తిని చూసుకుంటుందనుకున్న మనోరమ నలభయ్యేళ్లకే చనిపోయింది. రమాబాయి మాత్రం ఆ పని వదల్లేదు. 1922 ఏప్రిల్ 5న ఆమె కన్నుమూసే నాటికి అనువాదం పూర్తయింది. దాని పేజీలకు అక్షరాలు కూర్చిన చేతులు ముక్తిలోని స్త్రీలవి.