డబ్బా మీద పేరున్న మనిషి: జార్జ్ వెస్టింగ్‌హౌస్

సులైబియాలో పెద్ద బండ్ల గ్యారేజీల్లో పనిచేసే మనవాళ్ళకి వ్యాబ్‌కో అనే మాట కొత్తేం కాదు. ఏబీఎస్ కంట్రోల్ యూనిట్ మీద, మాడ్యులేటర్ వాల్వు మీద, చక్రం సెన్సారు కొత్తది తెప్పిస్తే దాని డబ్బా మీద ఆ పేరు కనిపిస్తూనే ఉంటుంది. నేనైతే చాలా ఏళ్ళు అదేదో జర్మనీ మాట అనుకున్నాను. అది నాలుగు ఇంగ్లీషు మాటల్ని కుదించి పెట్టిన పేరు. విప్పి చదివితే వెస్టింగ్‌హౌస్ ఎయిర్ బ్రేక్ కంపెనీ. వెస్టింగ్‌హౌస్ అన్నది ఒక మనిషి ఇంటిపేరు. 1869లో పిట్స్‌బర్గ్‌లో ఆ కంపెనీ పెట్టేనాటికి ఆయనకి ఇరవై రెండేళ్ళు.

జార్జ్ వెస్టింగ్‌హౌస్ 1846 అక్టోబర్ 6న అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ బ్రిడ్జ్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రికి వ్యవసాయ యంత్రాలు చేసే షాపు ఉండేది. పిల్లవాడికి బడి కంటే ఆ షాపే ఎక్కువ నచ్చింది. అంతర్యుద్ధం వచ్చినప్పుడు చిన్న వయసులోనే సైన్యంలో చేరాడు, తర్వాత నౌకాదళంలో ఇంజిన్ల దగ్గర పనిచేశాడు. తిరిగొచ్చాక కాలేజీలో చేరి, కొద్ది నెలలకే మానేసి మళ్ళీ తండ్రి షాపుకే వచ్చేశాడు. చేతికి గ్రీజు అంటిన జీవితం అన్నమాట.

ఆ కాలంలో రైలు ఆపడం ఎలా ఉండేదో చెబితేగాని ఆయన చేసిన పని విలువ తెలీదు. డ్రైవరు కూత వేస్తాడు. అది వినగానే బ్రేక్‌మెన్ అనే కూలీలు గూడ్సు పెట్టెల పైకెక్కి, ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టె మీదికి దూకుతూ, ఒక్కోదాని మీదున్న ఇనుప చక్రాన్ని చేత్తో తిప్పి బ్రేకు బిగించాలి. వానైనా మంచైనా అంతే. కాలు జారితే పట్టాల మధ్యలోనే. అలా కాళ్ళూ చేతులూ, ప్రాణాలూ పోగొట్టుకున్నవాళ్ళు వేలమంది.

ఒకసారి ఆయన వెళుతున్న రైలు దారిలో ఆగిపోయింది. ముందు రెండు గూడ్సు బండ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి. పట్టపగలు, తిన్నటి దారి. ఇద్దరు డ్రైవర్లూ ఒకరినొకరు చూసుకున్నారు, కానీ బండ్లు ఆపడానికి టైము చాలలేదు. ఆ మాట కుర్రాడి మనసులో ఉండిపోయింది. మొదట గొలుసులతో ప్రయత్నించాడు, తర్వాత ఆవిరితో. పెట్టెలన్నీ దాటి వెళ్ళేసరికి ఆవిరి చల్లబడి నీళ్ళయిపోయేది. ఆ రోజుల్లోనే, అమ్మకానికొచ్చిన ఒక పత్రికకి చందా కట్టాడట. అందులో ఆల్ప్స్ కొండల్లో మాంట్ సెనీ సొరంగం తవ్వకం గురించి వచ్చింది. వేల అడుగుల గొట్టం గుండా గాలి పంపి, దాని బలంతో రాయి తొలుస్తున్నారని చదివాడు. అంత దూరం గాలి వెళ్ళగలిగితే రైలు పొడవునా ఎందుకు వెళ్ళదు? 1869 ఏప్రిల్‌లో పేటెంటు వచ్చింది. మొదటి పరీక్షలోనే పట్టాల మీద గుర్రబ్బండి అడ్డం వచ్చింది. బండివాడు కింద పడ్డాడు. డ్రైవరు వాల్వు తిప్పగానే రైలు అతనికి కొద్ది అడుగుల దూరంలో ఆగిపోయింది. లోపలున్న రైల్వే పెద్దమనుషులు సీట్లలోంచి ముందుకు పడ్డారు.

ఇంతవరకే అయితే ఆయన గురించి రాయక్కర్లేదు. ఆ మొదటి బ్రేకులో ఒక ప్రాణాంతకమైన లోపం ఉంది. గాలి పంపితేనే బ్రేకు పడుతుంది. గొట్టం ఎక్కడైనా పగిలిందా, రైలు రెండుగా విడిపోయిందా, బ్రేకు లేనట్టే. అంటే మరీ అవసరమైన క్షణంలోనే చెయ్యిస్తుంది. అమ్ముడవుతున్న సరుకే కదా అని ఆయన ఊరుకోలేదు. 1872లో లెక్క మొత్తం తిరగేశాడు. ప్రతి పెట్టెకీ సొంత గాలి ట్యాంకు, ఒక ట్రిపుల్ వాల్వు పెట్టాడు. మెయిన్ గొట్టంలో ప్రెషర్ ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది. ప్రెషర్ తగ్గితే ఆ వాల్వు తన ట్యాంకులోని గాలిని బ్రేకు సిలిండర్‌లోకి వదులుతుంది. గొట్టం తెగితే రైలు తనంతట తానే ఆగుతుంది.

మన ట్రక్కుల్లో స్ప్రింగ్ బ్రేకు చూడండి. గాలి స్ప్రింగును నొక్కి పట్టుకుంటుంది, గాలి పోతే స్ప్రింగు బ్రేకు వేస్తుంది. ట్రెయిలర్‌కి వెళ్ళే ఎర్ర గొట్టం ఊడితే ట్రెయిలర్ బ్రేకులు వాటంతటవే పడతాయి. ఆ 1872 ఆలోచనే ఇది.

తర్వాత కథ మన ఎలక్ట్రానిక్స్ పనికి ఇంకా దగ్గర. 1886, 1887ల్లో బర్లింగ్టన్ అనే ఊళ్ళో యాభై పెట్టెల గూడ్సు రైళ్ళతో పరీక్షలు పెట్టారు. వెస్టింగ్‌హౌస్ బ్రేకు అక్కడ తేలిపోయింది. ముందు పెట్టెలు ఆగేసరికి వెనక పెట్టెలకి ఇంకా కబురే అందలేదు, వచ్చి గుద్దాయి. బలం గాలిదే అయినా, ఆజ్ఞ కరెంటు ద్వారా పంపితే అన్ని పెట్టెలకీ ఒక్కసారే అందుతుందని పరీక్షించిన కమిటీ తేల్చింది. అప్పటి కరెంటు పరికరాలు అంత నమ్మకమైనవి కావు. అందుకని ఆయన వాల్వునే వేగంగా పనిచేసేలా మార్చి, అదే ఏడాది యాభై పెట్టెల రైలును ఊరూరా తిప్పి చూపించాడు. ఇప్పుడు ఈబీఎస్ అని మనం పిలిచేది కమిటీ చెప్పిన ఆ పద్ధతే. పెడల్ దగ్గర సెన్సారు, మధ్యలో కంప్యూటరు, యాక్సిల్ దగ్గర వాల్వు. కరెంటు పోయినా గాలి దారి వెనక ఒకటి సిద్ధంగా ఉంచుతారు.

1893లో అమెరికా ప్రభుత్వం రైళ్ళకి ఇలాంటి బ్రేకులు తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. పెట్టెల మీద పరుగెత్తే పని క్రమంగా పోయింది. కరెంటు రంగంలో టెస్లాతో కలిసి ఆయన చేసిన పని వేరే పుస్తకం. ఒక్కటి మాత్రం మనలాంటివాళ్ళం గుర్తుపెట్టుకోవాలి. శనివారం సగం రోజు సెలవు ఇచ్చిన తొలి అమెరికా యజమానుల్లో ఆయనొకడు. 1907 ఆర్థిక సంక్షోభంలో తన ఎలక్ట్రిక్ కంపెనీ చేజారింది. 1914 మార్చి 12న చనిపోయాడు. మాజీ సైనికుడు కాబట్టి ఆర్లింగ్టన్ శ్మశానంలో పాతిపెట్టారు.

ఆయన గురించి రాయాలని నాకు అనిపించింది ఒక కంకర ట్రక్కు వల్ల. సాల్మి రోడ్డులో తిరిగే బండి. ఏబీఎస్ దీపం ఆరట్లేదని కంట్రోల్ యూనిట్ మార్చమని ముదీర్ పంపాడు. తాళం తిప్పి చూస్తే దీపమే వెలగలేదు. మామూలుగా తాళం తిప్పగానే అది కాసేపు వెలగాలి. అసలు వెలగకపోతే అది బాగుందని కాదు. అంతకుముందు ఎవరో బల్బు పీకేశారు. డ్రైవరు అన్న రాయచోటి వైపు మనిషి. పోతే పోయింది, బ్రేకు పడుతుంది కదా అన్నాడు. మామూలు బ్రేకు పడుతుంది, నిజమే.

బల్బు పెట్టి కోడ్ చూస్తే ఎడమ వెనక చక్రం సెన్సారు. చక్రాలకి చెక్కలు పెట్టి, జాకీ స్టాండు మీద ఎత్తి, మీటరు పెట్టాను. ఓమ్‌లు సరిగానే ఉన్నాయి. ఇలాంటి సెన్సార్లకి సుమారు 900 నుంచి 2,000 వరకు రావాలి, కచ్చితమైన అంకె ఆ బండి పుస్తకంలో ఉంటుంది. కానీ చక్రం చేత్తో తిప్పితే వోల్టేజీ దాదాపు లేదు. రెండు సెకన్లకి ఒక చుట్టు తిప్పినా 0.2 వోల్టు ఏసీ అయినా రావాలి. అంటే వైరు తెగలేదు, పళ్ళ రింగుకీ సెన్సారుకీ మధ్య సందు పెరిగింది. ఎందుకు పెరిగిందా అని చక్రం పట్టి ఊపితే కదిలింది. హబ్ బేరింగ్ లూజు. ఊగుతున్న హబ్బే సెన్సారును వెనక్కి నెట్టేసింది.

ముదీర్ చెప్పినట్టు కంట్రోల్ యూనిట్ మార్చి ఉంటే డబ్బు పోయేది, దీపం మళ్ళీ వెలిగేది. బల్బు పీకి పంపేసి ఉంటే ఆ చక్రం సాల్మి రోడ్డు మీద ఎక్కడ ఊడేదో. ముదీర్‌కి ఫోన్లో చెబితే మొదట కోప్పడ్డాడు. హబ్ ఊగుతున్న వీడియో తీసి పంపాక సరే అన్నాడు. కొత్త బేరింగ్‌లు వేసి, సెన్సారు క్లిప్పు మార్చి, సెన్సారును రింగుకి తగిలేదాకా లోపలికి నెట్టాం. దూరం చక్రం తిరిగేటప్పుడు అదే సర్దుకుంటుంది.

బండి కదిలి కొద్దిగా వేగం అందుకోగానే దీపం ఆరింది. డ్రైవరు అన్న గేటు దగ్గర బండి ఆపి, ఇంజిన్ కట్టేసి, మళ్ళీ తాళం తిప్పి, దీపం వెలగడం చూసుకుని మరీ వెళ్ళాడు.