నీటి లెక్క తెలిసిన మోక్షగుండం

కుళాయి బిగించినంత మాత్రాన నీటి పథకం సఫలమైనట్లు కాదు. నీరు ఎంత వస్తోంది, అది తాగేందుకు యోగ్యమైనదేనా, ఖర్చును పురపాలక సంఘం భరించగలదా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరకాలి. సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య జీవితాన్ని పరిశీలిస్తే అడుగడుగునా ఈ ప్రశ్నలే కనిపిస్తాయి. ఆయన 1861 సెప్టెంబరు 15న నేటి కర్ణాటకలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం. పూనాలో ఇంజినీరింగ్ పూర్తిచేసి, 1884లో బొంబాయి ప్రజాపనుల శాఖలో చేరారు.

సుక్కూరులో తొలి పరీక్ష

1894లో సింధు ప్రాంతంలోని సుక్కూరు పట్టణ నీటి పథకం బాధ్యత ఆయనకు అప్పగించారు. నది నీరు బురదమయం. వడపోత తొట్లు కట్టేందుకు పురపాలక సంఘం వద్ద సొమ్ము లేదు. దాంతో నది గర్భంలోనే బావి తవ్వించి, ఇసుక పొరల గుండా ఊరిన స్వచ్ఛమైన నీటిని సొరంగం ద్వారా ఒడ్డుకు చేర్చి పట్టణానికి తోడించారు. మరుసటి ఏడాదికే పథకం పూర్తయింది. ఏడెన్‌కు పిలిచినప్పుడూ అంతే. సముద్రపు నీటిని మరిగించి వాడుకునే ఆ రేవు పట్టణానికి లహెజ్ ప్రాంతపు వాగు గర్భంలోని ఊట నీటిని సూచించారు.

భాగ్యనగరికి అండ

1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదులో వేలమందిని బలిగొంది. నిజాం ప్రభుత్వం ఆహ్వానంపై 1909లో వచ్చిన ఆయన ముందుగా పరీవాహక ప్రాంతంలోని చెరువులు, వర్షపాతం, ప్రవాహాల లెక్కలు తీయించారు. మూసీ, ఈసీ నదులపై జలాశయాలు నిర్మించాలని సూచించారు. ఆ ఫలితమే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. అంతకుముందు హుస్సేన్‌సాగర్, మీరాలం చెరువులపై ఆధారపడిన నగరానికి గండిపేట నీరు పల్లం వెంట తానుగా పారి వచ్చింది. మురుగునీటి పారుదలకూ ఆయన పథకం రూపొందించారు. వాడిన నీరు పోయే దారి లేకుంటే తాగునీరు కలుషితం కాక తప్పదు.

1912 నుంచి 1918 వరకు మైసూరు దివానుగా సేవలందించిన విశ్వేశ్వరయ్యను 1955లో భారతరత్న వరించింది. 1962 ఏప్రిల్‌లో నూరేళ్లు నిండిన వయసులో కన్నుమూశారు.

ఆయన జయంతిని ఏటా ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. విగ్రహానికి పూలమాల వేయడంతో సరిపెట్టక, ఆనాడైనా ప్రతి పురపాలక సంఘం తన నీటి పథకాన్ని ఆ మూడు ప్రశ్నలతో తూచి ఫలితాన్ని ప్రజల ముందుంచితే, అదే ఆ మహనీయునికి నిజమైన నివాళి.