బ్లేజ్ పాస్కల్ – బ్రేకు పెడల్ కింద ఉన్న లెక్క

మీరు రాయపూర్‌లో ఒక మోటారు షెడ్డులో పని నేర్చుకుంటున్నారనుకోండి. ఒకాయన తన తండ్రి నడిపిన అంబాసిడర్ కారును అపురూపంగా దాచుకొని, ఇప్పుడు మరమ్మతుకు తెచ్చాడు. బ్రేకు మాస్టర్ సిలిండర్ పాడైంది. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి దొరికిన సామానులోంచే ఏరుకోవాలి. స్పేర్ పార్టుల దుకాణంలో మీ ముందు రెండు సిలిండర్లు పెట్టారు. పైకి రెండూ ఒకేలా ఉన్నాయి. బోల్టుల రంధ్రాలు కూడా సరిపోతున్నాయి. లోపలి వ్యాసం మాత్రం ఒకదానికి ముప్పావు అంగుళం, రెండవదానికి అంగుళం. పెద్దదానికి బలం ఎక్కువ ఉంటుందని దానిమీద చెయ్యి వేశారా? కొంచెం ఆగండి. ఈ ప్రశ్నకు జవాబు మోటారు కారు పుట్టడానికి రెండు వందల ఏళ్ళకు ముందే ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రాసిపెట్టాడు.

అతని పేరు బ్లేజ్ పాస్కల్. 1623 జూన్ 19న ఫ్రాన్సులోని క్లెర్మాంట్ పట్టణంలో జన్మించాడు. మూడేళ్ళ వయసులో తల్లి చనిపోయింది. మీలో చాలామందిలాగే పాస్కల్ కూడా బడికి వెళ్ళి చదువుకోలేదు. తండ్రే ఇంట్లో చదువు చెప్పాడు. ముందు భాషలు బాగా రావాలని, లెక్కల పుస్తకాలు పిల్లవాడి కంట పడకుండా దాచాడు. తండ్రిని తప్పు పట్టనక్కరలేదు, ఆయన ఆలోచన ఆయనది. కానీ దాచినకొద్దీ కుర్రవాడికి ఆసక్తి పెరిగింది. పన్నెండేళ్ళ వయసులో బొగ్గుముక్కతో నేలమీద బొమ్మలు గీసుకుంటూ, త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం రెండు లంబకోణాలకు సమానమని తనంతట తానే కనుక్కున్నాడని అతని అక్క రాసింది. తండ్రి ఆ తరువాత అడ్డు చెప్పలేదు.

తండ్రికి రువాన్ నగరంలో పన్నుల లెక్కలు చూసే ఉద్యోగం వచ్చింది. రాత్రింబవళ్ళు కూడికలే. ఆ శ్రమ చూడలేక పాస్కల్ 1642లో లెక్కలు చేసే యంత్రం తయారుచేయడం మొదలుపెట్టాడు. అది సరిగా పనిచేసేసరికి సుమారు యాభై నమూనాలు చేయవలసి వచ్చింది. ఈ కాలంలోనే ఆరోగ్యం దెబ్బతింది. అది మళ్ళీ ఎప్పుడూ బాగుపడలేదు.

తరువాత అతని దృష్టి గాలి మీదికి, ద్రవాల మీదికి మళ్ళింది. పైకి వెళ్ళేకొద్దీ గాలి పీడనం తగ్గాలి గదా అనుకున్నాడు. తాను కొండ ఎక్కగల స్థితిలో లేడు. అందుకని క్లెర్మాంట్‌లో ఉన్న బావ పెరియేకు ఉత్తరం రాశాడు. 1648 సెప్టెంబరు 19న పెరియే పాదరసపు గొట్టంతో అక్కడి పుయ్ ద దోమ్ కొండ ఎక్కాడు. శిఖరం మీద పాదరసం సుమారు ఎనిమిది సెంటీమీటర్లు తగ్గింది.

ఇక మన బ్రేకు దగ్గరికి వద్దాం. 1654 ప్రాంతంలో పాస్కల్ ద్రవాల సమతాస్థితి గురించి ఒక చిన్న గ్రంథం రాశాడు. నీటితో నిండిన మూసిన పాత్రకు రెండు నోళ్ళు ఉన్నాయనుకోమన్నాడు. ఒకటి రెండవదానికి నూరు రెట్లు పెద్దది. రెండింటికీ పిస్టన్లు బిగించి చిన్నదాన్ని ఒక మనిషి నొక్కితే, పెద్దదాని మీద నొక్కే నూరుమందికి సమానమవుతాడు. ఎందుకంటే మూసి ఉన్న ద్రవంలో పీడనం అన్ని వైపులకూ తగ్గకుండా అందుతుంది. అయితే చాలామంది మరచిపోయే మాట ఒకటి కూడా అక్కడే చెప్పాడు. పెద్ద పిస్టన్ ఒక అంగుళం కదలాలంటే చిన్నది నూరు అంగుళాలు కదలాలి. ఊరికే వచ్చే బలం ఏదీ లేదు.

ఆ గ్రంథాన్ని అతడు అచ్చులో చూడలేదు. చివరి సంవత్సరాలలో మనసు ఎక్కువగా దైవచింతన వైపు సాగింది. అయినా 1662 మార్చిలో, పారిస్‌లో ఐదు సూల చిల్లరకు ఎక్కే గుర్రబ్బండ్లు అతని ఆలోచన వల్లనే నడిచాయి. అదే సంవత్సరం ఆగస్టు 19న, ముప్పై తొమ్మిదేళ్ళ వయసులో మరణించాడు. మరుసటి ఏడాది పెరియే ఆ గ్రంథాన్ని అచ్చు వేయించాడు.

ఇంగ్లండులో జోసెఫ్ బ్రామా 1795లో ఇదే సూత్రంతో హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందాడు. అమెరికాలో మాల్కమ్ లాకీడ్ దీన్ని మోటారు బ్రేకులకు తెచ్చాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఇటువంటి బ్రేకులతో వచ్చింది.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. వైశాల్యం వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. ముప్పావు అంగుళానికి, అంగుళానికి వైశాల్యాల నిష్పత్తి 9 : 16. చిన్న సిలిండర్‌లో పుష్‌రాడ్ మీద 90 కిలోల బలంతో వచ్చే పీడనం, పెద్దదానిలో రావాలంటే 160 కిలోలు కావాలి. పెడల్ గట్టిగా, తక్కువ దూరంలోనే ఆగుతుంది. కాలికి అది మంచి బ్రేకులాగే తోస్తుంది, బండి మాత్రం ఆలస్యంగా ఆగుతుంది. మరీ చిన్నది పెడితే పెడల్ మెత్తగా దిగుతుంది. షూలు అరిగినప్పుడు, చక్రాల దగ్గర పిస్టన్లు కావలసినంత కదిలేలోపే నేలకు తగలవచ్చు. చక్రాల దగ్గరి భాగాలు మార్చకపోతే కంపెనీ పెట్టిన వ్యాసమే సరైనది. డ్రమ్ములు తీసి డిస్కులు పెట్టారంటే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. డ్రమ్ బ్రేకుల సిలిండర్లలో చాలావాటికి గొట్టాలలో కొంత పీడనం నిలిపి ఉంచే వాల్వు ఉంటుంది. డిస్కులకు అది ఉంటే ప్యాడ్లు రాసుకుంటూ వేడెక్కుతాయి.

పీడనం అన్ని వైపులకూ సమానంగా పోతుందంటే, ఒక్క చోట కారినా అంతటా పోతుందని కూడా అర్థం. ఒకే గది ఉన్న పాత సిలిండర్‌కు ఉన్న పెద్ద లోపం ఇదే. అందుకే తరువాత రెండు గదుల సిలిండర్లు వచ్చాయి. ఒక దారి పోయినా, రెండవ దారిలోని చక్రాలు పట్టుకుంటాయి.

దుకాణానికి వెళ్ళేటప్పుడు పాత సిలిండర్‌ను పారవేయకుండా వెంట తీసుకుపోండి. దాని ఒంటిమీద వ్యాసం పోతపోసి ఉందేమో చూడండి. లేకపోతే వెర్నియర్ కాలిపర్సుతో లోపల కొలిచి, కొత్తదాన్ని కూడా అలాగే కొలవండి.