ఫ్రాంక్లిను నిద్రవేళ

బెంజమిన్ ఫ్రాంక్లిను 1706వ సంవత్సరమున బోస్టను నగరమున, కొవ్వొత్తులు చేసి అమ్ముకొను నింట జన్మించెను. 17వ యేట ఫిలడెల్ఫియా చేరి అచ్చుకూటమున పనివాడై, పిదప యజమాని యయ్యెను. యౌవనమున 13 సుగుణముల నలవరచుకొన సంకల్పించి, చిన్నపుస్తకమున గడులు గీచి, నాటి తప్పులకు నల్లచుక్కలు పెట్టుకొనెడివాడు. దినచర్యకును పట్టిక వ్రాసికొనెను. అందు రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 5 వరకు నిద్రయే! కొవ్వొత్తుల నడుమ పెరిగినవాడు నిద్రకు 7 గంటలు విడిచెను. పరీక్షలకై తెల్లవార్లు దీపము ముందు కూర్చుండు మన బాలు రీ పట్టికను చూడవలెను. నిద్ర చాలనిచో మనోనిగ్రహము సడలునని నేటి శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. వ్యాపారపు ఒత్తిడిలో ఫ్రాంక్లిను పట్టిక పలుమారులు తప్పినది. క్రమపాలన మాతనికి కడవరకు లొంగలేదు. అయినను 1790లో 84 ఏండ్ల వయస్సున మరణించువరకు సుగుణసాధనపై ఆశ విడువలేదు.